పన్నెండు నల్లబంతుల పెట్టె: అణు నమూనాల కిట్‌పై ఒక సమీక్ష

ఉన్నత పాఠశాలల్లోనూ ఇంటర్మీడియట్‌లోనూ కార్బన్ సమ్మేళనాల పాఠానికి ఉపయోగపడుతుందని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ప్లాస్టిక్ అణు నమూనాల పెట్టె ఒకటి మా పాఠశాలకు తెప్పించాం. ఐదారు వందల రూపాయల్లో దొరికే రకం ఇది. లోపల కార్బన్‌కు నాలుగేసి రంధ్రాలున్న నల్లబంతులు 12, హైడ్రోజన్‌కు తెల్లబంతులు 20, ఆక్సిజన్‌కు ఎర్రబంతులు 6, ఇవి కాక నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో నైట్రోజన్, క్లోరిన్, సల్ఫర్ బంతులు కొన్ని, ఏకబంధాలకు పొట్టి గట్టి పుల్లలు 30, ద్విబంధాలకు వంగే పొడుగు పుల్లలు 12 ఉన్నాయి. ఈ ధరలో వచ్చే పెట్టెలన్నీ దాదాపు ఇదే అచ్చులో ఉంటాయి కాబట్టి తయారీదారు పేరుతో పని లేదు. నేను చూడదలచుకున్నది ఒక్కటే. వందకు పైగా మూలకాలుండగా ఒక్క కార్బన్‌కే ఇన్ని సమ్మేళనాలు ఎందుకున్నాయన్న ప్రశ్న ఈ పాఠంలో మొదటిరోజే వస్తుంది. ఆ ప్రశ్నకు ఈ పెట్టె ఎంతవరకు జవాబు చెప్పగలదు?

సగం వరకు చెబుతుంది, ఆ సగాన్ని మాత్రం చాలా బాగా చెబుతుంది. మిగతా సగం ఉపాధ్యాయుడు చెప్పుకోవలసిందే. ఆ సంగతి కొనేముందే తెలిసి ఉంటే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం దక్కుతుంది.

ముందుగా బంతుల విషయం. నల్లబంతి మీద నాలుగు రంధ్రాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాలే ముఖాలుగా ఉన్న ఘనాకారం) మూలల దిశలో, ఏ రెండింటి మధ్య చూసినా 109 డిగ్రీల 28 నిమిషాల కోణానికి దగ్గరగా ఉన్నాయి. కార్బన్ కేంద్రకం చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లు, బయటి కక్ష్యలో నాలుగు; నాలుగింటినీ వదులుకోవడం గానీ, మరో నాలుగింటిని లాక్కోవడం గానీ దాని వల్ల కాదు కనుక పంచుకుంటుంది, అందుకే నాలుగు బంధాలు. ఈ మాట నల్లబల్లపై రాస్తే పిల్లలు ఒప్పుకుంటారు, కానీ నాలుగు గీతలు ప్లస్ గుర్తులా సమతలంలో ఉంటాయనే ఊహ వాళ్ల మనసులో మిగిలిపోతుంది. పిల్లల సంగతి అలా ఉంచి, 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసంలో క్రోకే ఆట బంతులకు రంగులు పూసి అణు నమూనాలు చూపించిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హాఫ్‌మన్ కూడా మీథేన్‌ను చదునుగానే కట్టాడు. నలుపు కార్బన్‌కు, తెలుపు హైడ్రోజన్‌కు, ఎరుపు ఆక్సిజన్‌కు అనే రంగుల సంప్రదాయం ఆయన నుంచి మన పెట్టె దాకా వచ్చింది గానీ, ఆకారం మాత్రం 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు విడివిడిగా చతుర్ముఖి కార్బన్‌ను ప్రతిపాదించాకే సరిపడింది. వాంట్ హాఫ్ తన మాట నమ్మించడానికి అట్టముక్కలతో చిన్న చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపేవాడట. ఈ పెట్టెలో మీథేన్ కట్టి బల్ల మీద పెడితే మూడు తెల్లబంతుల మీద నిలబడి, నాలుగోది పైకి చూస్తూ ఉంటుంది. అట్టముక్కల అవసరం తీరిపోతుంది.

పెట్టె తన ఖరీదును నిజంగా రాబట్టేది ఐసోమర్ల దగ్గర, అంటే అవే పరమాణువులు వేర్వేరు అమరికల్లో కలిసిన పదార్థాల దగ్గర. ఐదు కార్బన్‌లు, పన్నెండు హైడ్రోజన్‌లు ఇచ్చి ఎన్ని రకాలుగా కట్టగలరో కట్టమంటే, కాగితం మీద పిల్లలు ఆరేడు గీస్తారు. తిన్నని గొలుసు ఒకటి, కుడి వైపు వంచినది ఒకటి, కిందికి వంచినది ఒకటి, ఇలా. అవే బంతులతో కట్టిస్తే పుల్ల చుట్టూ బంతి గిర్రున తిరగడంతో వంచిన గొలుసులన్నీ తిన్నని గొలుసులేనని వాళ్లకే తెలిసిపోతుంది. చివరికి మూడే మిగులుతాయి: గొలుసుగా ఉన్న పెంటేన్, ఒక కొమ్మ ఉన్న ఐసోపెంటేన్, నడిమి కార్బన్ చుట్టూ నాలుగు కార్బన్‌లు చేరిన నియోపెంటేన్. మూడింటికీ సూత్రం ఒకటే అయినా మరిగే ఉష్ణోగ్రతలు వరుసగా 36, 28, 9.5 డిగ్రీలు. మొదటి దాన్ని విజయవాడ మే నెల ఎండలో సీసాలో ఉంచడం కష్టం. మూడోది మన గది వేడికే వాయువుగా ఉంటుంది. బంతిలా గుండ్రంగా ఉన్న నియోపెంటేన్ అణువులు ఒకదానికొకటి ఎక్కువ మేర ఆనుకోలేవన్నది చేత్తో పట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది.

ఈ లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో ఇక్కడే చెప్పేయాలి. పది కార్బన్‌ల ఆల్కేన్‌కు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఏకబంధాలతో, వలయాలు లేకుండా కలిసిన సమ్మేళనానికి) 75 నిర్మాణ ఐసోమర్లు సాధ్యం, ఇరవై కార్బన్‌లకు 3,66,319, ముప్ఫై కార్బన్‌లకు 411 కోట్లకు పైగా. ద్విబంధాలు, వలయాలు, ఆక్సిజన్, నైట్రోజన్ ఇంకా రానేలేదు. ఇదంతా కార్బన్, హైడ్రోజన్, ఏకబంధాలతోనే. అమెరికన్ కెమికల్ సొసైటీకి చెందిన రసాయన పదార్థాల రిజిస్ట్రీలో పదికోట్లవ నమోదు 2015లోనే జరిగిందని, అందులో అత్యధికం కార్బన్ సమ్మేళనాలేనని విన్నప్పుడు, ఈ లెక్క చూసినవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోరు.

మామూలుగా పిల్లల చేత ఈథేన్, ఈథీన్, ఇథనోల్ కట్టించి పెట్టె మూసేస్తుంటారు. నేను పది నల్లబంతులు మాత్రమే పక్కకు తీసి, ఆ పదింటితోనే ఏమేం వస్తాయో చూశాను. పెట్టెలో ఉన్న బలమూ బలహీనతా రెండూ అక్కడ బయటపడతాయి.

మొదట నాఫ్తలీన్, అంటే బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలకు పేరు తెచ్చిన పదార్థం. పది కార్బన్‌లు, ఎనిమిది హైడ్రోజన్‌లు. రెండు షడ్భుజులు ఒక అంచును పంచుకుని అప్పడంలా చదునుగా కూర్చుంటాయి. దీనికి ఐదు ద్విబంధాలు కావాలి, అంటే పన్నెండు వంగే పుల్లల్లో పది అయిపోతాయి. ఇలాంటి షడ్భుజులనే అన్ని వైపులకూ పరుచుకుంటూ పోతే గ్రాఫైట్‌లో ఒక పొర అవుతుంది. తరువాత అవే పది బంతులు విప్పి, వంగే పుల్లలు ఒక్కటీ వాడకుండా, పదహారు హైడ్రోజన్‌లతో ఆడమంటేన్ కట్టాను. 1933లో చెకోస్లొవేకియాలో పెట్రోలియం నుంచి వేరుచేసిన ఈ అణువు నాలుగు వలయాలు కలిసిన చిన్న పంజరం. వజ్రంలోని అల్లిక నుంచి ఒక గదిని కోసి తీసి, తెగిన చివర్లకు హైడ్రోజన్ తగిలిస్తే ఇదే వస్తుంది. నాఫ్తలీన్ చేతిలో అటూ ఇటూ వంగుతుంది, ఆడమంటేన్‌ను పిడికిట్లో నొక్కినా కదలదు. వజ్రం గట్టిదనానికీ, గ్రాఫైట్ పొరలుగా జారిపోవడానికీ కారణం చెప్పడానికి ఈ రెండు నమూనాలూ పక్కపక్కన ఉండాలి, కానీ ఒకే పెట్టెతో రెండూ ఒకేసారి కట్టడం కుదరదు.

మూడోది కర్పూరం: పది కార్బన్‌లు, పదహారు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్. ఆరు కార్బన్‌ల వలయం మీదుగా ఒక కార్బన్ వంతెనలా ఉంటుంది. ఆ వంతెన దగ్గర నిజమైన అణువులో కూడా కోణం 109 నుంచి బాగా తగ్గి బిగుసుకుపోయి ఉంటుంది కనుక గట్టి పుల్లలు అక్కడ మొరాయిస్తాయి. బలవంతం చేస్తే రంధ్రం పెద్దదైపోతుంది. వంతెన రెండు వైపులా వంగే పుల్లలు వాడితే సరిపోతుంది. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఈ చిట్కా లేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చినది వాము పువ్వు, పుదీనా పువ్వుల జత. ఆయుర్వేద మందుల కొట్టులో ఈ రెండింటికీ కర్పూరాన్ని కలిపి ఒక సీసాలో వేస్తే మూడు గట్టి పదార్థాలూ కరిగి ద్రవమైపోవడం చాలామంది ఇళ్లలో చూసిందే. వాము పువ్వు థైమోల్, పది కార్బన్‌లు, పద్నాలుగు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్. పుదీనా పువ్వు మెంథాల్, పది కార్బన్‌లు, ఇరవై హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్. కార్బన్ అస్థిపంజరం రెండింటిలోనూ ఒక్కటే. థైమోల్ నమూనా కట్టి, వలయంలోని మూడు ద్విబంధాల నుంచి వంగే పుల్లలు ఆరూ పీకేసి, వాటి స్థానంలో మూడు పొట్టి పుల్లలు పెట్టి, ఖాళీ అయిన ఆరు రంధ్రాలకు ఆరు తెల్లబంతులు తగిలిస్తే మెంథాల్ అవుతుంది. చదునుగా ఉన్న వలయం ఆ పనిలో చేతిలోనే మడతపడి కుర్చీ ఆకారానికి వస్తుంది. పరిశ్రమలోనూ థైమోల్‌కు హైడ్రోజన్ చేర్చి మెంథాల్ తయారుచేసే పద్ధతి ఉంది. ఘాటు వాసన వేసే వాము పువ్వుకూ, నాలుక మీద చల్లగా తగిలే పుదీనా పువ్వుకూ మధ్య ఆరు హైడ్రోజన్‌లే తేడా అన్నది ఏ పాఠ్యపుస్తకం చెప్పినా ఇంతగా మనసుకెక్కదు.

మెంథాల్ పూర్తిచేయడానికి 31 బంధాలు కావాలి. పెట్టెలో పొట్టి పుల్లలు 30. ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య ఒక వంగే పుల్ల పెట్టి సర్దుకోవలసి వచ్చింది. తెల్లబంతులు మాత్రం సరిగ్గా ఇరవైకి ఇరవై సరిపోయాయి. పసుపులోని కర్క్యుమిన్ కట్టాలన్న సరదా ఉంటే 21 కార్బన్‌లు కావాలి, రెండో పెట్టె కొనవలసిందే.

దర్పణ ప్రతిబింబాల పాఠానికి మాత్రం ఒక పెట్టె చాలు. పెరుగు పులుపుకు కారణమైన లాక్టిక్ ఆమ్లంలో నడిమి కార్బన్‌కు నాలుగు వేర్వేరు సమూహాలు ఉంటాయి. ఒక నమూనా కట్టి, దాని ఎదుట అద్దంలో కనిపించేదాన్ని రెండో నమూనాగా కడితే, ఎలా తిప్పినా ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు. రెండింటికీ కలిపి ఆరు ఎర్రబంతులు అవసరం. పెట్టెలో ఉన్నవీ ఆరే. మెంథాల్‌లో ఇలాంటి కార్బన్‌లు మూడు ఉన్నాయి కాబట్టి ఎనిమిది త్రిమితీయ రూపాలు సాధ్యం, పుదీనాలో దొరికేది వాటిలో ఒకటి. ఇందాక చెప్పిన 75, 3,66,319 లాంటి అంకెల్లో ఈ రూపాలను లెక్కించనే లేదు.

ఇంతవరకు పెట్టె గెలిచింది. అయితే తరగతిలో ఒక అమ్మాయి వేసిన ప్రశ్న దాన్ని ఆపేసింది. "సార్, సిలికాన్‌కు కూడా బయటి కక్ష్యలో నాలుగే కదా, ఈ నల్లబంతినే సిలికాన్ అనుకుంటే ఇవన్నీ దానితోనూ కట్టొచ్చు కదా?" అని అడిగింది. కట్టొచ్చు. ప్లాస్టిక్‌కు అడ్డేమీ లేదు. నాలుగు రంధ్రాలు, అదే చతుర్ముఖి, అవే పుల్లలు. కార్బన్ ప్రత్యేకత నాలుగు బంధాల్లో మాత్రమే ఉంటే సిలికాన్ లోకం కూడా ఇంతే పెద్దదై ఉండాలి. పెట్టె జవాబు చెప్పలేని సగం ఇదే: ఎన్ని విధాలుగా కట్టవచ్చో అది చూపిస్తుంది, కట్టినది ఎందుకు నిలుస్తుందో చూపించలేదు, ఎందుకంటే దానిలో పుల్లలన్నీ ఒకే బలంతో ఉంటాయి.

నిజంలో పుల్లల బలం వేరు. రెండు కార్బన్‌ల మధ్య ఏకబంధాన్ని తెంచడానికి మోల్‌కు (పదార్థం పరిమాణాన్ని కొలిచే రసాయన ప్రమాణం) సుమారు 347 కిలోజౌళ్లు కావాలి, రెండు సిలికాన్‌ల మధ్య బంధానికి 222 చాలు. కార్బన్ చిన్న పరమాణువు, దాని కేంద్రకాలు పంచుకున్న జంటకు దగ్గరగా ఉంటాయి. సిలికాన్ పెద్దది, పట్టు వదులు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆక్సిజన్‌తో పోల్చినప్పుడు తెలుస్తుంది. కార్బన్–ఆక్సిజన్ ఏకబంధం సుమారు 358, అంటే కార్బన్–కార్బన్ బంధానికి దాదాపు సమానం; ఆక్సిజన్ పక్కనే ఉన్నంతమాత్రాన కార్బన్ గొలుసు తనను తాను తెంచుకుని అటు పోవలసిన తొందర లేదు. సిలికాన్–ఆక్సిజన్ బంధమో సుమారు 452, అంటే సిలికాన్–సిలికాన్ బంధానికి రెట్టింపు. అవకాశం దొరికితే సిలికాన్ తన గొలుసు వదిలేసి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అందుకే అది ప్రకృతిలో ఇసుకగా, రాళ్లుగా కనిపిస్తుంది. వంటగ్యాస్ సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్‌లు కూడా చివరికి కాలి కార్బన్ డయాక్సైడ్ అయ్యేవే, కానీ లైటరు వెలిగించేదాకా గాలిలో కలిసి కూడా ఊరుకుంటాయి. మీథేన్‌కు సిలికాన్ జోడీ అయిన సైలేన్ గాలి తగిలితే చాలు తనంతట తానే అంటుకుంటుంది.

నైట్రోజన్ సంగతి వేరు. అది కార్బన్‌కు పక్కింటిదే, పరిమాణంలో ఇంకా చిన్నది, అయినా గొలుసులు కట్టలేదు. నైట్రోజన్–నైట్రోజన్ ఏకబంధం బలం 160 ప్రాంతం, ఆక్సిజన్–ఆక్సిజన్ బంధం 146. పరమాణువు మీద మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు పక్కనున్న పరమాణువు జంటలను నెట్టివేయడం ఇందుకు ప్రధాన కారణం. ఆల్కేన్‌లో కార్బన్ ఎలక్ట్రాన్లు నాలుగూ బంధాల్లో ఉంటాయి. ఒంటరి జంట మిగలదు, ఖాళీ స్థానమూ మిగలదు, బయటివారు వచ్చి పట్టుకోవడానికి పిడి దొరకదు. ఈ పెట్టెలోని నీలం, ఎర్ర బంతుల మీద ఒంటరి జంటలకు ఏ గుర్తూ లేదు. ఖరీదైన కొన్ని సెట్లలో వాటికోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ రేకులు ఇస్తారు. ఇక్కడ మేము స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాం.

కార్బన్ డయాక్సైడ్ నమూనా కూడా ఇలాంటి చర్చకు పనికొస్తుంది. నల్లబంతికి రెండు వైపులా వంగే పుల్లలతో ఎర్రబంతులు తగిలిస్తే ఒక విడి అణువు పూర్తయిపోతుంది, అందుకే అది వాయువు. సిలికాన్‌కు ఆక్సిజన్‌తో అలాంటి నిలకడైన ద్విబంధాలు కట్టడం చేతకాదు కనుక నాలుగు దిక్కులా ఏకబంధాలతో అంతులేని అల్లికగా పెరిగి ఇసుక అవుతుంది. తనతోనూ, ఆక్సిజన్, నైట్రోజన్‌లతోనూ ద్విబంధాలు, త్రిబంధాలు గట్టిగా కట్టగలగడం కార్బన్ సమ్మేళనాల సంఖ్యను మరెన్నో రెట్లు పెంచింది. ఈ భాగం చెప్పేటప్పుడు బంధ శక్తుల పట్టిక గోడకు తగిలించి, పిల్లలు పుల్ల గుచ్చిన ప్రతిసారీ ఆ అంకె చదివేలా చేయడం మాకు బాగా పనిచేసింది.

నమూనాలో ఉన్న మరో రెండు అబద్ధాలు ఉపాధ్యాయుడికి ముందే తెలిసి ఉండాలి. ద్విబంధానికి వాడే పుల్లలు పొడుగ్గా ఉండటంతో ఈథీన్‌లో కార్బన్‌లు ఈథేన్‌లోకంటే దూరంగా కనిపిస్తాయి. వాస్తవం తలకిందులు: ఏకబంధం 154 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్షకోట్లవ వంతు), ద్విబంధం 134, త్రిబంధం 120. రెండోది, బెంజీన్‌లోనూ నాఫ్తలీన్‌లోనూ పొట్టి పుల్ల, పొడుగు జంట ఒకటి విడిచి ఒకటి వస్తాయి. నిజమైన బెంజీన్‌లో ఆరు బంధాలూ సమానంగా 139 పికోమీటర్లు. ఇది ఈ తయారీదారు తప్పు కాదు, పుల్లలతో కట్టే ఏ నమూనాకైనా ఉన్న పరిమితే, కానీ పుస్తకంలో ఒక్క వాక్యమైనా రాసి ఉండాల్సింది.

ఆ పుస్తకం గురించి మంచి మాట చెప్పడం కష్టం. పూర్తిగా ఇంగ్లిష్‌లో, వేలెడంత కాగితం మీద, కళ్లు చికిలించి చూడవలసిన బొమ్మలతో ఉంది. తెలుగు మాధ్యమం పిల్లలకు అది ఉన్నా లేనట్లే. ప్లాస్టిక్ నాణ్యత పరవాలేదు. కొత్తలో పుల్లలు మరీ బిగుతుగా ఉండి వేళ్లు నొప్పి పుట్టాయి, వాడగా వాడగా సర్దుకున్నాయి. అయితే రెండు పొట్టి పుల్లలు రంధ్రంలోనే విరిగి, ఆ రెండు నల్లబంతులూ మూడు బంధాల కార్బన్‌లుగా మిగిలిపోయాయి. పుల్లను నిలువుగా లాగాలి తప్ప పక్కకు వంచకూడదని మొదటే చెప్పాలి. విడి పుల్లలు అమ్ముతారా అని అడిగితే విక్రేత నుంచి సమాధానం రాలేదు.

అగ్గిపుల్లలు, మట్టి ముద్దలతో ఉచితంగా అయిపోయేదానికి ఇంత డబ్బెందుకనే మాట స్టాఫ్ రూమ్‌లో వినిపిస్తుంది. ఎనిమిదో తరగతికి అదే చాలు. కోణం నిలబడాలంటే, పుల్ల చుట్టూ బంతి తిరగాలంటే, వలయం మడతపడాలంటే మట్టితో కుదరదు. పదో తరగతికి నలుగురైదుగురు పిల్లలకు ఒక పెట్టె చొప్పున, ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఇంట్లో ఉంటే సొంతంగా ఒకటి, కొనదగ్గదే.

కొనేటప్పుడు పెట్టెపై పెద్ద అక్షరాల్లో వేసిన మొత్తం ముక్కల సంఖ్యను పట్టించుకోనవసరం లేదు. ఆల్కేన్ సూత్రం గుర్తుంటే చాలు: తెల్లబంతులు నల్లబంతులకు రెండింతలకు రెండు ఎక్కువగా, పొట్టి పుల్లలు మూడింతలకు ఒకటి ఎక్కువగా ఉంటే, ఉన్న కార్బన్‌లన్నింటినీ ఒకే గొలుసులో వాడుకోవచ్చు. ఆ లెక్కన 12 కార్బన్‌లకు 26 తెల్లబంతులు, 37 పొట్టి పుల్లలు కావాలి. ఈ పెట్టెలో 20, 30 ఉన్నాయి, కాబట్టి దీనితో కట్టగల అతిపెద్ద ఆల్కేన్ తొమ్మిది కార్బన్‌ల నోనేన్. దానికి 35 ఐసోమర్లున్నాయి.